దేజప్ప తీసిన వండని ఫోటో

మా బెళ్మణ్ణు ఫోటోగ్రాఫరు దేజప్ప (ఇంటిపేరు పూజారి) కెమెరా ఎత్తాడంటే, ఎగిరిన నీళ్లు గాల్లోనే నిలబడిపోతాయి. ఆయన "ఊఁ, ఇక పడండి" అనేదాకా ఒక్క చుక్క కిందికి దిగదు. పడుబైలు కంబళంలో, అంటే బురదనీళ్లలో జరిగే దున్నల పందెంలో, ఆయనకు సరిగ్గా ఆ సమయానికే తుమ్ము వచ్చి, ఆ మాట అనడం ఆలస్యమైందట. పావుగంటసేపు నీళ్లు అలాగే వేలాడాయట. కొంగలు వచ్చి వాటి మీద వాలి, ఈకలు దువ్వుకుని వెళ్లాయట. నమ్మనివాళ్లు మా బస్టాండుకు వచ్చి ఎవరినైనా అడగవచ్చు. అందరూ ఇదే చెబుతారు. కొంగలు ఎన్నన్న దగ్గర మాత్రం కాస్త తేడా వస్తుంది.

అంతటి మొనగాడిని ముప్పుతిప్పలు పెట్టి, మూడు చెరువుల నీళ్లు తాగించినది దున్నపోతు కాదు, మనిషీ కాదు. కంప్యూటర్ తెర మీద కనిపించిన వేలెడంత బూడిదరంగు డబ్బా.

దేజప్ప స్టూడియో బస్టాండు ఎదురుగా, బన్సులు వేయించే హోటలు మేడ మీద ఉంది. అక్కడ దిగిన ఫోటోలన్నిటికీ ఆ నూనె వాసన కాస్త అంటుకుని ఉంటుందని మా వాళ్ల నమ్మకం. ఫోటో తీయడం వరకే దేజప్ప పని. తీసినదాన్ని మనిషి ముఖంలా తయారుచేయడం వారిజ పని. కంప్యూటర్ ముందు కూర్చునే వారిజ ఆయనకు చెల్లెలి వరస. నోరు మాత్రం అత్తగారి వరస. ఆమె దిద్దిన ఫోటో చూసుకుని, "ఈమె ఎవరు? బాగుందే" అని పెళ్లికూతురే అడిగిందని చెబుతారు.

వారిజకు లోకంలో ఒక్కటే శత్రువు: అప్‌డేట్. ఒకానొక పెళ్లిళ్ల సీజనులో, తెర మూలనుంచి అది "నన్ను నొక్కు, నన్ను నొక్కు" అని గోముగా అడిగితే పాపం నొక్కింది. తెల్లారేసరికి కత్తెర బొమ్మ ఉండాల్సిన చోట కుంచె ఉంది. కుంచె ఉండాల్సిన చోట ఏమీ లేదు. రంగులు దిద్దే పెట్టె ఏ అరలోకో పోయి దాక్కుంది. పరాయివాళ్లెవరో వచ్చి వంటింటి డబ్బాలన్నీ సర్ది వెళ్లినట్టయింది ఆమె పని. ఆ వారం ఆల్బముల్లోకి ఎక్కిన పెళ్లికూతుళ్లందరూ పచ్చిమామిడికాయ రంగులో ఉన్నారు. అప్పటినుంచి, ఆ పిలుపు వచ్చే తెర మూల మీద ఆమె ఒక ఎర్రటి బొట్టుబిళ్ల అంటించింది. బిళ్ల పాతబడితే ఇంకోటి అంటించేది. దాని వెనక సాఫ్ట్‌వేరు ఎంత గొంతు చించుకున్నా ఆమెకు వినపడేది కాదు.

ఇక కెమెరా సంగతి. కిన్నిగోళిలో బోనవెంచర్ లోబో అనే ఇంకో ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. ఆయనకూ దేజప్పకూ పొసగదు. క్రిస్మస్‌కు లోబో కొత్త కెమెరా కొన్నాడని తెలిసి, దేజప్ప కింద హోటల్లో బన్సు తుంచుకుంటూ పదిమంది వినేలా అన్నాడు:

"అదీ ఒక కెమెరాయేనా మారాయా! పిల్లలు ఆడుకునే బొమ్మ. రెండు బ్యాటరీలు వేస్తే పాట కూడా పాడుతుందేమో అడగండి."

ఆ మాట బన్సు చల్లారేలోపే కిన్నిగోళి చేరింది. నెల తిరక్కుండానే దేజప్ప ఏదో పనిమీద మంగళూరు వెళ్లి, ఆ బొమ్మనే ఒకసారి చేత్తో పట్టుకుని చూశాడు. ఇంక వదల్లేకపోయాడు. అచ్చంగా అదే కెమెరాను ఇంటికి తెచ్చుకుని, ముందుగా దాని నుదుటిమీది పేరు కనపడకుండా నల్లటి టేపు అతికించాడు.

"పేరెందుకన్నా మూసేశావు?" అంది వారిజ.

"దిష్టి తగలకుండా."

"దిష్టికి బుగ్గన చుక్క పెడతారు. ముసుగు వెయ్యరు."

దేజప్ప వినిపించుకోలేదు. "ఇందులో రా ఫైలు తీయొచ్చు వారిజా. మామూలు ఫోటో వండేసిన అన్నం. మెత్తబడిందా, మాడిందా, అంతే, ఇంక చేసేదేమీ లేదు. రా ఫైలంటే వండని బియ్యం. మనకెలా కావాలంటే అలా వండుకోవచ్చు. పడుబైల్లో ఈసారి మొత్తం బియ్యమే తీస్తాను, చూడు."

"ముందు మన పొయ్యి మీద ఉడుకుతుందో లేదో ఒక గింజ వేసి చూడన్నా."

మొనగాళ్లు గింజలు వేసి చూడరు. కంబళం నాటి పొద్దున దేజప్ప కెమెరాను రా ఫైలుకు తిప్పి, మెడలో వేసుకుని బయల్దేరాడు.

కంబళంలో మిగతా పోటీలన్నిటిలో ఏ దున్నల జోడీ ముందొచ్చిందన్నదే లెక్క. పలక పోటీ అలా కాదు. దున్నలు లాగే చెక్కపలక మీద మనిషి నిలబడతాడు. పలకకున్న చిల్లులోంచి బురదనీళ్లు పైకి చిమ్ముతాయి. ఏడున్నర కోలు ఎత్తున, అంటే కొబ్బరిచెట్టు నడుం దాకా అనుకోండి, ఒక తెల్లగుడ్డ కట్టి ఉంటుంది. నీళ్లు దాన్ని తడిపితే పతకం. తడపకపోతే ఇంటికెళ్లి దున్నలకు ఉలవలు ఉడకబెట్టుకోవడమే. గుడ్డ తడిసిందా లేదా అన్నది గుడ్డే చెబుతుంది కాబట్టి, మా తాతల కాలం నుంచీ ఆ పోటీలో తగాదా అన్నది లేదు.

ఈ ఏడు ఉంది. ఎందుకంటే ఈ ఏడు అక్కడ గుడ్డ లేదు.

"అదేమిటి మాస్టారూ, ఎవరో పంచె ఆరేసినట్టుంది," అని తీర్పరి ధరణప్ప మాస్టారిని ఒప్పించి, దాని స్థానంలో తళతళలాడే ఫ్లెక్సు కట్టించింది దేజప్పే. ముద్రించింది కూడా ఆయన స్టూడియోలోనే. దాని మీద వక్కల వ్యాపారి ఒకాయన పళ్లన్నీ కనపడేలా నవ్వుతుంటాడు.

లచ్చు శెడ్తి దున్నలు మోడ, కుట్టి దిగాయి. లచ్చు శెడ్తి అంటే పడుబైల్లో మెరక మీది ఇంటి పెద్దామె. ఆమె అన్నగారు బతికున్నంతకాలం ఆ ఏడున్నర కోసం తపించి, ఆరున్నర దాటకుండానే పోయాడు. మోడకు వయసైపోయింది, వచ్చే ఏడు దిగదు. అందుకని ఆమె ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, తమలపాకుల సంచి ఒళ్లో పెట్టుకుని, దున్నలు పరిగెత్తే బురదచాలు పక్కనే కూర్చుంది. దున్నలు వచ్చాయి. అవి వచ్చిన ఊపుకు గట్టు మీద నిలబడ్డవాళ్ల లుంగీలు ఊడిపోయాయి. నీళ్లు లేచాయి. లేచి, లేచి, వక్కల వ్యాపారి గడ్డం దాకా వెళ్లాయి.

తగిలాయా? తగిలే ఉంటాయి. కానీ ఫ్లెక్సు మీద నీళ్లు నిలుస్తాయా? జారిపోయాయి. వ్యాపారి పొడిపొడిగా నవ్వుతూనే ఉన్నాడు. సగంమంది తగిలిందన్నారు, సగంమంది లేదన్నారు. ఫోనులు తీశారు. ఒక్కో ఫోనుది ఒక్కో తీర్పు. సగం ఫోనుల్లో పట్టుకున్నవాడి ముఖమే ఉంది.

ధరణప్ప మాస్టారు చేతులెత్తేశాడు. "గుడ్డయితే చూసి చెప్పేవాణ్ణి. ఈ ప్లాస్టిక్కు మీద కన్నీళ్లు కూడా ఆగవు. ఏం దేజప్పా, ఎవరి తెలివి ఇది?"

దేజప్ప ఆ సమయానికి బురదలో ఉన్నాడు. అంత గొప్ప ఫోటో దొరికిన ఆనందం పట్టలేక, దున్నలకు సాష్టాంగ నమస్కారం చేశాడని చూసినవాళ్లు చెబుతారు. మీసాల మీదనుంచి బురద కారుతుండగా లేచి నిలబడి, "నా దగ్గర ఫోటో ఉంది!" అని అరిచాడు. కెమెరా వెనక తెర చూపించబోయాడు. తెర చీకటిగా ఉంది. మీట తిప్పాడు. లోపల చేపపిల్ల కదిలినట్టు ఏదో గుళుక్కుమంది, అంతే. ఫోటోలుండే కార్డు మాత్రం పొడిగా బయటికొచ్చింది.

"రేపు బహుమతులిచ్చేలోపు ఫోటో తెస్తాను లచ్చక్కా. నా మాట నమ్ము," అన్నాడు.

లచ్చు శెడ్తి తమలపాకు ఈనె తీస్తూ ఆయన వంక చూసింది. "నీ స్టూడియోలో మొదట దిగిన ఫోటో నాదేరా దేజా. నా తల కోసేశావు. మెడ, గొలుసు, చీర అన్నీ బాగా పడ్డాయి. ఈసారి నీళ్ల తల కోసెయ్యకు."

"కొయ్యలేదక్కా. నిండుగా పడింది."

"అయితే తీసుకురా. అదేదో తేలేదాకా నేనీ కుర్చీలోంచి లేవను."

అందరూ మాటవరసకు అందనుకున్నారు. ఆమె నిజంగానే లేవలేదు. గంజి, చేపల పులుసు కుర్చీ దగ్గరికే తెప్పించుకుంది. పొద్దుగుంకాక మనవరాలు దుప్పటి తెచ్చి కప్పింది. తన ఫ్లెక్సు వల్లే ఆమె అలా కూర్చుందన్నది దేజప్ప గుండెలో చేపముల్లులా గుచ్చుకుంది.

స్టూడియోలో వారిజ కార్డు గుచ్చింది. తెర మీద ఫోటోలు రాలేదు. వరసగా బూడిదరంగు డబ్బాలు వచ్చాయి. ఒకదాన్ని నొక్కింది. ఈ రకం ఫైలు నాకు తెలియదు పొమ్మంది సాఫ్ట్‌వేరు.

"తెలియకపోవడమేమిటి? ఫోటోనే కదా!" అన్నాడు దేజప్ప.

"నీ కెమెరా మరీ కొత్తదట. దీనికి ఇంకా పరిచయం కాలేదట. నువ్వు బియ్యమన్నావు. ఇవి బియ్యం కాదన్నా, తాళం వేసిన గాదె."

"అయితే తాళంచెవి?"

వారిజ తెర మూలనున్న బొట్టుబిళ్లను చూసింది. దేజప్ప కూడా చూశాడు.

"లచ్చక్క కోసం తీస్తున్నాను. నీ కోసం కాదు," అంటూ వారిజ గోటితో బిళ్ల గిల్లింది. దాని వెనక ఏళ్ల తరబడి నోరు నొక్కుకుని కూర్చున్న అప్‌డేట్ ఒక్క గంతు వేసి ముందుకొచ్చింది. దాన్ని నొక్కేటప్పుడు ఆమె కళ్లు మూసుకుంది.

అది దిగడం మొదలుపెట్టింది. మా బెళ్మణ్ణు ఇంటర్నెట్టు గురించి చెడుగా చెప్పకూడదు. బస్సు వచ్చినప్పుడల్లా ఆగి, బస్సు వెళ్లాక మళ్లీ కదిలేది. దేజప్ప ఈలోపు బన్సులు తిన్నాడు, గోళీబజ్జీలు తిన్నాడు, కుర్చీలో నిద్రపోయాడు. మర్నాడు పొద్దున కళ్లు తెరిచేసరికి అది మొత్తం దిగి, దర్జాగా ఒక మాట చెప్పింది: మీ కంప్యూటర్ మరీ పాతది, నేనిందులో ఉండలేను.

"సరే, పాతదాన్నే తెరువు."

"పాతదాన్ని ఇది మింగేసింది," అంది వారిజ.

కెమెరా కొత్తదని ఒకటి, కంప్యూటర్ పాతదని ఇంకోటి. దేజప్ప వయసు గురించి ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి ఆయన ఇంకా ధైర్యంగానే ఉన్నాడు. వారిజ కార్డు తీసుకుని, పక్కవీధిలో టికెట్లు బుక్ చేసే అమ్మాయి దగ్గరికి పరిగెత్తింది. ఆమె కంప్యూటర్ కొత్తది, సాఫ్ట్‌వేరు సరికొత్తది. అది ఫైలును చూసి ఎంతో మర్యాదగా, మీ కెమెరాకు సంబంధించిన ఏర్పాటు రాబోయే అప్‌డేట్‌లో ఉంటుంది, అంతవరకు ఓపిక పట్టండి అంది.

"ఎప్పుడొస్తుందట?" అన్నాడు దేజప్ప.

"చెప్పలేదు. కుర్చీలోంచి లేవకుండా ఉండమని లచ్చక్కకు చెప్పి రా."

పడుబైలు నుంచి ఫోను వచ్చింది. ధరణప్ప మాస్టారు. "దేజప్పా, చివరి పరుగులు అయిపోవస్తున్నాయి. బహుమతులు మొదలైతే ఇంక నేను మార్చలేను. శెడ్తిగారు కుర్చీలోనే ఉన్నారు. తిట్టడం లేదు. అదే నాకు భయంగా ఉంది."

వారిజ చీరకొంగు నడుముకు దోపుకుంది. "అన్నా, గాదె తాళం పొరుగువాళ్ల చెవితో రాదు. అదే గాదె ఇంకోటి కావాలి. అచ్చంగా అదే కెమెరా. దానిలో ఈ కార్డు పెడితే అదే చూపిస్తుంది. అలాంటిది ఎవరి దగ్గరుందో నాకు తెలుసు, నీకూ తెలుసు."

"వద్దు."

"పాట పాడే బొమ్మ కెమెరా."

"వారిజా, ఆ మాట మళ్లీ అనకు."

"నేననలేదు, నువ్వన్నావు. హోటల్లో బన్సు తింటూ."

ఇద్దరూ పడుబైలు చేరేసరికి లోబో వేదిక వెనక ఒక చేత్తో కోడికూర, రొట్టె తింటున్నాడు. అసలు ముందురోజు ఆ నీళ్లు లేచిన క్షణంలో కూడా ఆయన అదే తింటున్నాడు. లేకపోతే ఫోటో ఆయన దగ్గరే ఉండేది. ఆయన మెడలో కెమెరా తళతళలాడుతోంది. దేజప్ప ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. చచ్చిపోయిన తన కెమెరా తీసి, దాని నుదుటిమీది నల్లటేపును నెమ్మదిగా ఊడబీకాడు. బురద కిందనుంచి పేరు బయటపడింది.

లోబో నమలడం ఆపాడు. ఆ పేరు చూశాడు, తన కెమెరా చూసుకున్నాడు, మళ్లీ ఆ పేరు చూశాడు. తర్వాత నవ్వాడు చూడండి, ఆ నవ్వుకు కొట్టంలో దున్నలు లేచి నిలబడ్డాయి.

"మారాయా దేజప్పా! నీదీ బొమ్మేనా? పాట పాడిందా?"

"పాడితే బాగుండేది. బురద తాగి పడుకుంది," అన్నాడు దేజప్ప. "బోనా, ఈ కార్డు ఒక్కసారి నీ దానిలో పెట్టనివ్వు. నాకు కాదు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి."

"నీ రా ఫైళ్లు నీ కంప్యూటర్లో తెరుచుకోలేదా?"

"లేదు."

లోబో చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించాడు. "నావీ తెరుచుకోలేదు. క్రిస్మస్ నుంచీ. ఏ సాఫ్ట్‌వేరును అడిగినా వచ్చే అప్‌డేట్‌లో అంటుంది. మూడు పెళ్లిళ్లు, ఒక బారసాల, ఒక్కో ఫోటో ఈ కెమెరాలోనే మామూలు ఫోటోగా మార్చి ఇచ్చాను. నా బొటనవేలు చూడు, ఎలా వాచిందో. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. నీకెక్కడ తెలుస్తుందోనని ఇంకా భయం."

ఇద్దరు మొనగాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒకే సంగతికి ఒకేసారి ఏడవడం అదే మొదలు. సాఫ్ట్‌వేరు చేసేవాళ్లను ఇద్దరూ కలిసి తుళులో తిట్టారు. ఆ తిట్లు ఇక్కడ రాయలేం. లోబో కొంకణిలో ఇంకో రెండు కలిపాడు.

"ఇస్తాను," అన్నాడు లోబో చివరికి. "ఒక్క షరతు. ఇది బొమ్మ కెమెరా కాదని మైకులో చెప్పాలి."

చెప్పక తప్పిందా? వేదిక పక్కన పరుగులు చూపించే పెద్ద తెర ఉంది. లోబో కెమెరాకు తీగ తగిలించారు. వారిజ కార్డు పెట్టింది. మైకు పట్టుకుని దేజప్ప, "లోబోగారిది బొమ్మ కెమెరా కాదు. నిజమైన కెమెరా. నాదీ అదే," అన్నాడు. జనం ఈలలు వేశారు. లచ్చు శెడ్తి కుర్చీని నలుగురు మనుషులు, ఆమెతో సహా ఎత్తి తెర ముందుకు తెచ్చారు. లేవనని మాటిచ్చింది కదా.

బూడిదరంగు డబ్బా రాలేదు. ఫోటో వచ్చింది.

మొత్తం పక్కకు ఒరిగిపోయి ఉంది ఆ ఫోటో. గట్టు ఏటవాలు, జనం ఏటవాలు, ఆకాశం ఏటవాలు. ఆ వాలులో మోడ కొమ్ములు, కుట్టి కళ్లు, పలక మీది మనిషి బిగించిన పళ్లు, వాటి వెనక ముత్యాల గోడలా లేచిన నీళ్లు. వారిజ ఫోటోను పెద్దది చేస్తూ పోయింది. పైన, వక్కల వ్యాపారి కింది పెదవి మీద, ఇంత లావున నీటి ముద్ద పగిలి చిందుతోంది.

"తాగాడు! వ్యాపారి నీళ్లు తాగాడు!" అని ఎవరో అరిచారు. డోళ్లు మోగాయి. ధరణప్ప మాస్టారు మైకు లాక్కుని, ఏడున్నర కోలు అని ప్రకటించి, గెలిచినవాళ్లుగా లచ్చు శెడ్తి ఇంటివాళ్ల పేరు చదివాడు. లచ్చు శెడ్తి కుర్చీలోంచి లేచింది. లేచి, ముందు మోడ దగ్గరికి వెళ్లి దాని నుదురు నిమిరింది. పతకం తెచ్చి మెడలో వేయబోతే, "నాక్కాదు, దీనికి వెయ్యండి," అంది. తర్వాత వారిజను పిలిచి సంచిలోంచి తమలపాకు తీసి ఇచ్చింది. పడుబైల్లో ఆమె చేతి తమలపాకు దొరకడమంటే చిన్న సంగతి కాదు. "వచ్చే ఏడు గుడ్డే కట్టండి," అని కూడా గట్టిగా చెప్పింది.

అప్పటినుంచి ఆ ఒరిగిన ఫోటో గురించి మా దగ్గర చెప్పుకోనివాళ్లు లేరు. నీళ్లు లేచే చోటు దేజప్ప చెవితోనే పసిగట్టాడనీ, విల్లులా వెనక్కి వంగి తీశాడనీ, ఆయన చూపుకు నీళ్లు ఆగిపోయాయనీ చెప్పుకుంటారు. లోబో అయితే, అలా ఒరిగించి తీయడం తానే నేర్పానంటాడు. దేజప్ప కొత్త కంప్యూటర్ కొన్నాక, ఆ అప్‌డేట్ చివరికి ఎప్పుడో వచ్చింది. వారిజ దాన్ని నొక్కకముందే కొత్త బొట్టుబిళ్ల కొని సిద్ధంగా పెట్టుకుంది. ఫోటోను తనకు నచ్చినట్టు వండి, పటం కట్టించింది. ఇప్పుడది లచ్చు శెడ్తి ఇంటి హాల్లో ఉంది. వచ్చినవాళ్లందరూ పటం వంకరగా ఉందనుకుని సరిచేయబోతారు. ఆమె వాళ్ల చేతి మీద ఒక్కటిస్తుంది.

పటం తగిలించిన రోజు ఆమె మా వైపు మర్యాద ప్రకారం దేజప్పకు బెల్లం, నీళ్లు ఇచ్చి అడిగింది: "నిజం చెప్పరా దేజా. అందరూ అన్ని మాటలంటున్నారు. ఆ క్షణంలో నువ్వు ఏం చేశావు?"

దేజప్ప బెల్లంముక్క నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"ఏమీ చెయ్యలేదు లచ్చక్కా. జారి పడ్డాను. పడేటప్పుడు వేలు బటన్ మీద ఉంది."